కొండ యెక్కబోవు కుమార్తె



ఈ మాసము నాకు వచ్చిన జాబులలో నొకటి నన్ను మూడు దినములు విడువలేదు. వ్రాసిన సోదరి తన పేరును ఊరును వెల్లడింపవలదని కోరినది గావున వెల్లడింపను. ఆమె యేకైకపుత్రిక జపానుదేశమున టోక్యోనగరమునందు ఉన్నతవిద్య నభ్యసించుచున్నది. వేసవిసెలవులలో సహాధ్యాయినులతో గూడి ఫుజీ పర్వతశిఖరము నెక్కవలెనని ఆ చిన్నదానికి సంకల్పము కలిగినది. ఆ మాట ఫోనులో చెప్పినంతనే యింట గొప్ప కలవరము పుట్టినదట. "ఆడుపిల్లకు కొండకొనలతో నేమి పని? పెండ్లి కావలసిన పిల్ల! కాలో చేయో విరిగిన నెవరు చేసికొందురు?" అని అత్తగారు. "అంత యెత్తున ఊపిరి యాడదందురు, నా బిడ్డ కేమగునో" యని తల్లి. తండ్రిగారు మాత్రము "మీరిద్దరును ఒక మాట యనుకొని చెప్పుడు" అని వార్తాపత్రిక చాటున దాగినారట.

జాబు చివర నున్న మాటయే నాకు నిద్ర పట్టనీయలేదు. "మీరు వలదన్నచో ఇకమీదట మీకు చెప్పను" అని పిల్ల ఫోను పెట్టివేసినదట. "చెప్పక పోవునేమో యని భయముగా నున్నది. స్నేహితురాండ్రు విడిదికి డబ్బు దండుగ యని, నడుమ నిలువక ఒక్క పట్టున ఎక్కి దిగుదమని యనుచున్నారట. నేనేమి చేయవలెను?" అని ఆ తల్లి నన్నడిగినది.

సోదరీ, నీ జాబులో రెండు అభ్యంతరములు బియ్యములో రాళ్లవలె కలిసియున్నవి. ఆడుది గావున పోరాదనునది యొకటి. ప్రాణాపాయము కలుగవచ్చుననునది రెండవది. చేటలో పోసి చెరిగి ఈ రెంటిని వేరుచేసినగాని తీర్పు చెప్పుటకు వీలులేదు. మొదట ఆ కొండ యెట్టిదో తెలిసికొందము.

ఫుజీ జపానుదేశమున కెల్ల ఎత్తైన పర్వతము. దాని యెత్తు 3,776 మీటర్లు, అనగా 12,388 అడుగులు. మన తిరుమలక్షేత్రము సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల యెత్తున నున్నది. నాలుగు తిరుమలల యెత్తు నొకదానిపై నొకటి పేర్చినను ఫుజీశిఖరము అందదు. చుట్టును వేరు శిఖరములు లేక, కళ్లములో పోసిన ధాన్యపురాశివలె అది యొంటిగా నిలిచి యుండును. అగ్నిపర్వతము. 1707వ సంవత్సరమున తుదిసారి బ్రద్దలైనపుడు దాని బూడిద నేటి టోక్యోయైన యెడోనగరముపై కురిసినది. పాదము మొదలు శిఖరము వరకు దారిని పది మజిలీలుగా పూర్వులు విభజించిరి. నేడు మోటారుబండ్లు అయిదవ మజిలీ వరకు పోవును. ఎక్కువమంది పోవు యోషిదా దారిలో ఆ మజిలీ సుమారు 2,300 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటినుండి ఎక్కుటకు ఆరుగంటలును దిగుటకు నాలుగుగంటలును పట్టునని సామాన్యపు లెక్క. జులై మొదటినుండి సెప్టెంబరు మొదటి భాగము వరకే యెక్కుటకు కాలము. తక్కిన దినములలో మంచును పెనుగాలులును దారిని మూసివేయును.

ఇక ఆ కొండకు అధిదేవత యెవరనుకొంటిరి? స్త్రీయే! ఆమె పేరు కొనోహన సకుయ హిమే. చెట్లను పూయించు రాకుమారి యని యర్థము. ఆమె పర్వతదేవుని పుత్రి. మన పార్వతీదేవి హిమవంతుని పుత్రి గదా! జపానుదేశీయుల పురాణమున ఆమె కథ యిట్లున్నది. దివినుండి దిగివచ్చిన నినిగి యను దేవుడు ఆమెను మోహించి కన్య నడుగగా, తండ్రి ఆమెతో గూడ ఆమె యక్కయైన ఇవనగ హిమేను పంపెను. అక్క శిలాస్వరూపిణి, చూపునకు అందగత్తె కాదు. నినిగి అక్కను త్రిప్పిపంపి చెల్లెలిని మాత్రమే గ్రహించెను. అందుచేతనే మనుష్యుల ఆయువు శిలవలె స్థిరము గాక పూవువలె అల్పమైనదని వారు చెప్పుదురు. తరువాత ఆమె యొక్కరాత్రిలోనే గర్భవతి యయ్యెను. భర్తకు సందేహము కలిగెను. అంతట నామె వాకిలి లేని కుటీరమున ప్రవేశించి, దానికి నిప్పు పెట్టుకొని, ఆ మంటలనడుమనే ముగ్గురు కుమారులను ప్రసవించెను. తల్లికిగాని బిడ్డలకుగాని యే హానియు కలుగలేదు. ఈ కథ చదివినపుడు నాకు లంకలోని అగ్నిప్రవేశము కన్నులయెదుట నిలిచినది. సముద్రముల కావల నున్న దేశమున గూడ భర్తల సందేహము తీర్చుటకు భార్యలకు అగ్నియే సాక్షిగా దొరకినది కాబోలు!

అట్టి దేవత నిలయమైన కొండమీదికి స్త్రీలు పోరాదని ఆ దేశమున శతాబ్దములపాటు కట్టడి యుండెను. కొండ క్రిందిభాగమున కొంతదూరము మాత్రమే వారిని పోనిచ్చెడివారు. కారణ మేమన, ఋతువు వలనను ప్రసవము వలనను స్త్రీ మైలపడునట, ఆ మైల పుణ్యస్థలమునకు తగులునట. ప్రసవశయ్యనే అగ్నిలో పరచుకొన్న తల్లి యింటికి, ప్రసవము మైల యని తక్కిన తల్లులను దూరముంచిరి. ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు గనుక నేను విస్తరింపను.

ఈ కట్టడిని మొట్టమొదట ప్రశ్నించినవారు ఆ కొండ భక్తులే. ఫుజీని కొలుచు భక్తసమాజములలో జికిగ్యో మిరోకు అను గురువు స్త్రీపురుషులకు భేదము లేదని బోధించెను. ఆయన 1733వ సంవత్సరమున ఆ కొండమీదనే నిరాహారుడై దేహము చాలించెను. ఆ సంప్రదాయమునకు చెందిన కొతాని సన్షి యను నాయకుని వెంట 1832వ సంవత్సరమున తకయామ తత్సు అను యువతి శిఖరము నెక్కినది. ఆమెయే ఫుజీశిఖరము చేరిన మొదటి స్త్రీ యని ప్రసిద్ధి. అయితే ఆమె పురుషవేషము ధరించి, యాత్రికుల సందడి తగ్గిన పిదప, మంచు పడు దినములలో పోవలసివచ్చినది. దొంగవలె పోవలసిన వారికి మంచి ఋతువు దొరకదు. సోదరీ, ఈ మాటను గుర్తుంచుకొనుము. మరల దీనికడకు వత్తును.

తరువాత నలువదియేండ్లకు, 1872వ సంవత్సరమున, పుణ్యస్థలములలోను పర్వతములమీదను స్త్రీల నిషేధమును తొలగించుచు జపాను ప్రభుత్వము శాసనము చేసెను. నేడు వేసవిలో ఫుజీ నెక్కువారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అందరును గలరు.

ఆ శాసనము వెలువడిన యిరువదిమూడేండ్లకు ఒక గృహిణి చేసిన పని వినుడు. నొనక ఇతరు అను నాతడు ఉన్నతాకాశపు వాతావరణమును శీతకాలమున గూడ పరిశీలించినగాని గాలివానల రాకను సరిగా తెలియజెప్పుటకు వీలులేదని తలచి, సొంత డబ్బుతో ఫుజీశిఖరమున చిన్న కుటీరము కట్టించి, 1895వ సంవత్సరము అక్టోబరునెలలో పరిశీలనము మొదలుపెట్టెను. రెండుగంటల కొకసారి, రాత్రింబవళ్లు, యంత్రములు చూచి లెక్కలు వ్రాయవలెను. ఒక్క మనుష్యుడు నిద్రమాని యెన్నిదినము లుండగలడు? అతని భార్య చియోకో, భర్త పిలువకయే, పసిబిడ్డను పుట్టినింట నుంచి, ఆ నెలలోనే కొండ యెక్కి అతనిని చేరెను. వంట యొక్కటే చేయుటకు గాదు, వంతులవారిగా తానును లెక్కలు వ్రాయుటకు. చలిచేతను సరియైన ఆహారము లేకపోవుటచేతను ఇద్దరును వాచిపోయి మంచము పట్టిరి. డిసెంబరులో జనులు పైకి పోయి వారిని క్రిందికి దించుకొని వచ్చిరి. శీతకాలమంతయు గడుపవలెనను వారి సంకల్పము నెరవేరలేదు. అయినను దిగివచ్చుట వారికి అవమానము కాలేదు. 1932వ సంవత్సరమున ఆ శిఖరమున ప్రభుత్వమువారి నిత్యపరిశీలనము మొదలై 2004వ సంవత్సరము వరకు మనుష్యులే అచ్చట నివసించి నడపిరి. బ్రతికి దిగివచ్చినందుననే ఆ దంపతుల అనుభవము తరువాతివారికి ఉపయోగపడినది.

ఇంకొక గృహిణి తబెయి జుంకో. ఈమె పేరు మీలో ననేకులు వినియుందురు. 1939వ సంవత్సరమున పుట్టినది. పదియేండ్ల వయస్సున పాఠశాల ఉపాధ్యాయుల వెంట పోయి నాసు పర్వతము నెక్కుటయే ఆమెకు మొదటి కొండ. శరీరమున పొట్టి, బాల్యమున బలహీనురాలు. 1969వ సంవత్సరమున స్త్రీలకు మాత్రమే చెందిన పర్వతారోహణ సంఘమును స్థాపించినది. ఎవరెస్టునకు పోవ సంకల్పించినపుడు ద్రవ్యము కొరకు తిరుగగా, ఇంట నుండి బిడ్డను పెంచుకొనుమని సలహా లిచ్చినవారే హెచ్చు. ఆమె పిల్లలకు పియానో నేర్పి డబ్బు కూడబెట్టినది. పాత మోటారుబండ్ల ఆసనముల గుడ్డతో చేతితొడుగులు కుట్టినది. సూదిదారములు మనచేతిలోనివే గదా! 1975వ సంవత్సరము మే 4వ తేదీరాత్రి మంచుచరియ విరిగి వారి డేరాలపై పడినది. షెర్పాలు త్రవ్వి ఆమెను వెలికి లాగిరి. పండ్రెండుదినములకు, మే 16వ తేదీన, ఎవరెస్టుశిఖరముపై నిలిచిన మొదటి స్త్రీ ఆమె యయ్యెను. అప్పటికి ఆమెకు ముప్పదియైదేండ్లు, ఇంట మూడేండ్ల కుమార్తె.

అయితే నాకు ఎవరెస్టుకంటె ఆమె కడపటి కొండయే గొప్పగా తోచును. 2011వ సంవత్సరపు భూకంపమునను సముద్రపు పొంగునను కష్టములపాలైన మండలముల విద్యార్థులను ఆమె 2012వ సంవత్సరము నుండి ఏటేట ఫుజీ నెక్కించుచుండెను. తనకు పుట్టకురుపు వ్యాధి కలిగినదని తెలిసిన పిదపను మానలేదు. 2016వ సంవత్సరము జులైలో గూడ వారితో బయలుదేరినది. కాని శిఖరము వరకు పోలేదు. ఏడవ మజిలీ యొద్ద నిలిచిపోయి, పిల్లలను మాత్రము పైకి పంపినది. ఆ యక్టోబరులోనే ఆమె కన్నుమూసినది. లోకములోని కొండలలో మకుటమువంటి దాని నెక్కినయామె, తన దేశపు కొండపై, పిల్లలు చూచుచుండగా, "నేనింతటితో నిలుతును" అనుటకు సిగ్గుపడలేదు.

సోదరీ, నేను చెప్పదలచినది ఇదియే. ఆపుటలో రెండు తీరులు గలవు. కొండపాదముననే నిలిచి "నీవు ఆడుదానవు, పోవలదు" అనుట యొకటి. దానికి కొండతో సంబంధము లేదు, అది మనుష్యులు కట్టిన గోడ. కొండమీద నిలిచి "నా ఊపిరి చాలలేదు, మబ్బు క్రమ్ముచున్నది, దిగుదును" అనుట మరియొకటి. అది కొండ చెప్పు మాట, స్త్రీపురుషుల కిద్దరికిని సమానమే. మొదటిదానిని విడిచి, రెండవదానిని బిడ్డకు నేర్పుటయే తల్లి ధర్మము. మనము మొదటిదానికై పట్టుపట్టితిమేని రెండవది నేర్పు నవకాశమును పోగొట్టుకొందుము. చెప్పక పోయిన పిల్ల, తల నొచ్చినను చెప్పదు, కాలు బెణికినను చెప్పదు. తత్సు కాలమున మారువేషము తప్పనిసరి. నేటి పిల్లకు ఆ మారువేషము మనము కట్టబెట్టవలెనా?

మీ అత్తగారి మాటకు గౌరవముతో నొక్కటి మనవి. మనుమరాలికి జ్వరము తగ్గినచో నడచి వత్తునని మ్రొక్కుకొని, అరువదియేండ్ల ప్రాయమున ఆమె అలిపిరి నుండి 3,550 మెట్లును ఎక్కి వచ్చిరని నీ జాబులోనే యున్నది. ఆ నాడు ఆమెను "ఆడుదానికి కొండ యేల" అని యెవరును అడుగలేదు. కాలు విరుగునని యెవరును పెండ్లిలెక్కలు వేయలేదు. కాళ్లలో నా బలమును మనుమరాలికి పంచి యిచ్చినది ఆమెయే. మోకాళ్లపర్వతమున ఎక్కడ నిలువవలెనో, ఎంత నెమ్మదిగా అడుగు వేయవలెనో ఆమెకు తెలియును. ఫుజీ యాత్రికులు పూర్వము తెల్లబట్టలు ధరించి, చేతికర్ర పట్టి, కన్ను, చెవి, ముక్కు, నాలుక, మేను, మనస్సు అను ఆరింద్రియములును శుద్ధి యగుగాక యని పలుకుచు ఎక్కెడివారు. ఇది విన్నచో ఆ పెద్దమ్మగారికి ఆ కొండ పరాయిదిగా తోచదని నా నమ్మకము.

ఇక నీ భయము. అది న్యాయమైనది, దానిని నేను త్రోసివేయను. గాలిలో ప్రాణవాయువు పాలు ఇచ్చటను అచ్చటను ఒక్కటే. కాని యెత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. ఫుజీశిఖరమున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండు దానిలో మూడింట రెండువంతులకంటె కొంచెము తక్కువ. కావున ఒక్కొక్క ఊపిరికి దొరకు ప్రాణవాయువును ఆ మేరకు తగ్గును. దేహము దీనికి అలవాటు పడుటకు వ్యవధి కావలెను. వ్యవధి ఈయక పరుగున ఎక్కినవారికి తలనొప్పి, వాంతి, నిద్రలేమి, నిస్సత్తువ కలుగును. బలవంతులకు రాదనుట భ్రమ. కసరత్తు చేసిన యువకులే తొందరపడి పడిపోవుదురు. కాబట్టి నీ కుమార్తెకు ఈ క్రింది సంగతులు వ్రాయుము.

అయిదవ మజిలీలో బండి దిగినవెంటనే బయలుదేరక, ఒక గంటయైనను అచ్చట నిలిచి గాలికి అలవాటు పడవలెను. మాటలాడుచు ఎక్కగలిగినంత నెమ్మదిగానే నడువవలెను. మాట తెగుచున్నదన్నచో అడుగు వేగమైనదని గ్రహింపవలెను. దప్పిక కాకమునుపే కొంచెము కొంచెముగా నీరు త్రాగవలెను. ఏడవ లేక ఎనిమిదవ మజిలీ విడిదిలో రాత్రి నిలిచి, తెల్లవారుజామున సూర్యోదయమునకు శిఖరము చేరుట మేలైన పద్ధతి. విడిది లేక రాత్రియంతయు ఎక్కువారివలన అపాయములు హెచ్చినందున, ఆ ప్రభుత్వములు 2025వ సంవత్సరమున ఒక్కొక్కరికి 4,000 యెన్‌ల రుసుము విధించి, పగలు 2 గంటల నుండి మరునాటి తెల్లవారుజామున 3 గంటల వరకు దారితలుపు మూసి, విడిది కుదుర్చుకొన్నవారిని మాత్రమే ఆ వేళలలో పోనిచ్చిరి. నిబంధనలు ఏటేట మారవచ్చును గావున ముందుగా విచారించుకొనుమని చెప్పుము.

వేసవియే యైనను శిఖరమున చలి మన మాఘమాసపు తెల్లవారుజాములను మించును. మంచునీటి చలి యనుకొనుము. నూలుబట్ట చెమటకు తడిసి ఆరక ఒడలిని చల్లబరచును గాన లోపల ఉన్నిగాని త్వరగా ఆరెడి బట్టగాని తొడుగవలెను. గొడుగు గాలికి నిలువదు. పైకిని క్రిందికిని వేరువేరుగా నుండు వానయుడుపు కావలెను. చీలమండను కప్పు జోడు, చేతితొడుగులు, తలకు కట్టుకొను దీపము తప్పనిసరి. నెలసరి దినములైనను ఎక్కుటకు దేహశాస్త్రరీత్యా అడ్డు లేదు. నీరసముగా నున్నచో తేదీ మార్చుకొనవచ్చును. కావలసిన గుడ్డలు, వాడినవి తిరిగి తెచ్చుకొనుటకు సంచి, మరుగుదొడ్ల రుసుమునకు చిల్లరనాణెములు దగ్గర నుంచుకొనవలెను. తినుటకు నీవు పంపు వేరుసెనగ ఉండలకంటె మంచి ఆహారము నాకు తోచలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరిది. తలనొప్పి విశ్రాంతిచే తగ్గక హెచ్చుచున్నను, కూర్చున్నప్పుడు గూడ ఆయాసము వచ్చుచున్నను, అడుగు తడబడుచున్నను, శిఖరము కన్నులయెదుట నున్నను, వెంటనే క్రిందికి దిగవలెను. ఒంటరిగా గాదు, తోడు తీసికొని దిగవలెను. ఈ వ్యాధికి దిగుటకంటె మేలైన మందు లేదు. కాళ్లు అలసినవేళ, గులకరాళ్ల వాలులో జారి పడుటకు దిగుదారి యే అనువు. కాబట్టి సగము బలమును దిగుటకు దాచుకొనుమని చెప్పుము.

ఆ పిల్లకు ఫోనుచేసి "పొమ్మ"నుము. వెంటనే రెండు మాటలు పుచ్చుకొనుము. విడిదిలో నిలువకుండ ఎక్కనని యొకటి, దేహము వలదన్నచోట తిరిగివత్తునని యొకటి. ఏడవ మజిలీనుండి తిరిగివచ్చినను శిఖరమునుండి వచ్చినదానివలెనే ఇంట ఆదరింతుమని నీవును మాట యిమ్ము. ఆ మాట యీయక ఆమె మాట పుచ్చుకొనుట న్యాయము కాదు.

విడిదికయ్యెడి రుసుమును నీవు పంపవలదు. మీ అత్తగారి చేతులమీదుగా పంపించుము. మనుమరాలు ఎవరి ఆశీర్వాదముతో కొండ యెక్కుచున్నదో ఆమెకును తెలియును, వారికిని తెలియును. తిరిగివచ్చిన పిదప నాకొక జాబు వ్రాయుము. ఎంతవరకు ఎక్కినదని నేనడుగను. క్షేమముగా దిగినదని వ్రాసిన చాలును.